ట్రైపాడునకు తగిన తల



ఈ మాసమున నాకు వచ్చిన జాబులలో నొకటి మా ములకలపల్లికి చేరువనే, అడవి యంచున నున్న యొక పల్లెనుండి వచ్చినది. వ్రాసిన సోదరికి ఇరువదియాఱేండ్లు. రెండేండ్లనుండి యామె చుట్టుప్రక్కల పెండ్లిండ్లకును, ఓణీల వేడుకలకును, బారసాలలకును ఫోటోలు తీయుచున్నది. ఇపుడు వీడియోలు కూడ తీయుమని జనులడుగుచున్నారట. పొదుపు సంఘమునుండి యప్పు తీసికొని కెమెరా కొన్నది; మిగిలిన యెనిమిదివేల రూపాయలతో ట్రైపాడు కొనవలెనని యున్నది. "అక్కా! దుకాణదారుడు కాళ్లు లావుగా నున్నదానిని కొనుమనుచున్నాడు. మా యత్తగారు మూడు కఱ్ఱలకు ఎనిమిదివేలా యని యాశ్చర్యపడుచున్నారు. మాఘమాసపు ముహూర్తములలో పని చేసి నెలనెల వాయిదా కట్టవలెను. ఇంకొక సంగతి. మా యమ్మమ్మకు ఎనుబదియేండ్లు దాటినవి. ఆమెకు వచ్చిన పాటలు మా యింట మఱెవ్వరికిని రావు. వానిని కూడ వీడియో తీసి యుంచవలెనని కోరిక. ఏది కొనుమందురు?" అని యడిగినది.

ఆమె యడిగినది కాళ్లను గూర్చి. నేను చెప్పబోవునది తలను గూర్చి. 2020లో బడులు మూతపడిన దినములలో మా వారు పిల్లల కొఱకు పాఠములను వీడియోలుగా తీయ మొదలిడిరి. నాటినుండి యీ సామగ్రి మా యింట రోలు రోకలివలె మెలగుచున్నది గనుక, నాకు దీనితో నెయ్యము కలదు.

ట్రైపాడనగా మూడు కాళ్లు మాత్రమే కాదు. కాళ్లపై కెమెరాను పట్టి యుంచి, దానిని ప్రక్కలకు త్రిప్పుటకును, మీదికి క్రిందికి వంచుటకును, వలసినచోట బిగించుటకును వీలు కల్పించు భాగ మొకటి యుండును. దానిని హెడ్డందురు. మనము తల యందము. మిక్కిలి తక్కువ వెలకు దొరకు వానిలో తలయు కాళ్లును ఒకటిగా నతికి యుండును. తల చెడినచో మొత్తము పాఱవేయవలసినదే. కొంచెము మేలైన వానిలో తల వేఱుగను కాళ్లు వేఱుగను ఉండును. మర విప్పి యొక తలను తీసి మఱియొకటి పెట్టుకొనవచ్చును. తిరుగలిని చూడుడు. క్రింది దిమ్మ కదలరాదు, పై దిమ్మ కదలవలెను. క్రింది దిమ్మ యెంత బరువైనదైనను పై దిమ్మ ఇరుసుపై సరిగా కూర్చుండనిచో పిండి బరకగానే వచ్చును. కాళ్లు మన క్రింది దిమ్మ. వానికి చేయవలసినది నిలుచుటయే. పని చేయునది తల.

తల కొనుటకు ముందు మనల మన మొక ప్రశ్న యడుగవలెను. కెమెరా యెప్పుడు కదలును? ఫోటో తీయునపుడు తల కదలుట యంతయు ఫోటోకు ముందే యగును. మనము త్రిప్పి, వంచి, బిగించి, పిమ్మట మీట నొక్కుదుము. తల యెట్లు తిరిగినదో, ఎంత యొడుదొడుకుగా తిరిగినదో ఫోటో చూచువారికి తెలియనే తెలియదు. వీడియోలోనో, తల కదలుటయే బొమ్మ. మన చేయి ఒక్క వెండ్రుకవాసి తడబడినను అది తెరపై కనబడును. కావున ఫోటోకు కావలసిన తల గుణము నిలుకడ. వీడియోకు కావలసిన గుణము నడక. ఈ రెండు గుణములును ఒకే తలలో సమానముగా నుండుట యరుదు. దుకాణదారు "అన్నిటికి పనికివచ్చును" అనిన తలను చూచినపుడు నా కనుమానమే కలుగును.

ఫోటోలవారు మిక్కిలిగా వాడునది బాల్‌హెడ్డు. ఒక గిన్నెవంటి యొఱలో లోహపు గుండొకటి యుండును. గుండుకు పైన కెమెరా. ప్రక్కనున్న మరను వదులు చేసినచో కెమెరా యే వైపునకైనను ఒఱగును, బిగించినచో నిలుచును. మన తొడ యెముక నడుముతో కూడిన కీలు ఇట్టిదే. త్వరిత మైనది, చిన్నది, సంచిలో నిముడును. దోషమేమన, మరను వదలిన తోడనే అన్ని దిక్కులును ఒక్కమాఱుగా వదులగును. ప్రక్కకు కొంచెము జరుపబోయినచో క్రిందికి కూడ వంగిపోవును. పెద్ద లెన్సు పెట్టి యుండగా మర వదలినచో కెమెరా ముక్కుమీద పడుటయు కలదు. ఎడమచేయి కెమెరాను పట్టుకొననిదే కుడిచేయి మరను ముట్టరాదు. తక్కువ రకపు గుండ్లు బిగించిన పిదప గూడ నెమ్మదిగా నొకింత జాఱును. మనము చూచి బిగించిన బొమ్మ యొకటి, ఫోటోలో వచ్చిన బొమ్మ యొకటి యగును. వీడియోకు బాల్‌హెడ్డు సాధారణముగా పనికిరాదు. కెమెరాను కదల్పక బిగించి తీసినంతవఱకే సరి.

రెండవది మూడు పిడుల తల. ఒక పిడి ప్రక్కలకు, ఒకటి మీదికి క్రిందికి, ఒకటి కెమెరాను నిలువుగా పండవేయుటకు. ఒక దిక్కు సవరించునపుడు మిగిలిన రెండును కదలవు. నగలు, చీరలు, వంటకములు, పాత ఫోటోల ప్రతులు తీయువారికి ఇది తగినది. తొందరపడువారికి తగదు. పిడులు మూడును మూడు వైపులకు పొడుచుకొని యుండుటచే పెండ్లిపందిరిలో ఎవరి కొంగుకో తగులుకొనును.

పూర్వపు ఫోటోగ్రాఫరులకు ఈ నిలుకడయే సర్వస్వము. హైదరాబాదున ఆఱవ నిజాము కొలువులో ఫోటోగ్రాఫరుగా నుండిన రాజా దీన్‌దయాళ్ పెద్ద గాజుపలకల కెమెరాలతో పని చేసెను. అంతటి కెమెరా చేత బట్టి తీయునది కాదు గదా. ఆయన 1892లో హైదరాబాదున ఘోషాస్త్రీల కొఱకు ప్రత్యేకముగా జెనానా స్టూడియో తెఱపించి, దాని నడిపించు భారమును కెన్నీ-లెవిక్ అను ఆంగ్ల వనిత కప్పగించెను. పురుషుల కంటబడని స్త్రీల ఫోటోలను స్త్రీయే తీయవలసివచ్చెను. మన సోదరి చేయు పని క్రొత్తది కాదనియు, ఈ దేశమున నూటముప్పదియేండ్లకు పైబడిన పనియనియు వారి యత్తగారికి చెప్పవచ్చును.

ఇక మూడవది, ఈ జాబునకు ముఖ్యమైనది, ఫ్లూయిడ్ హెడ్డు. దీని గూర్చి కొంచెము విరివిగా చెప్పవలెను.

బరువైన చెక్కపెట్టెను నేలపై త్రోసిచూడుడు. మొదట కదలదు. మఱింత బలముపెట్టగా నొక్క కుదుపుతో కదలి, మనము తలచినదానికంటె ఎక్కువ జరుగును. ఒట్టి లోహము లోహముతో రాచుకొను తలయు ఇట్లే కుదుపుతో బయలుదేఱి కుదుపుతో నిలుచును. ఇపుడు మజ్జిగ చిలుకుటను తలచుకొనుడు. చిక్కని పెరుగులో కవ్వమును మెల్లగా త్రిప్పినచో మెల్లగా తిరుగును. వడిగా త్రిప్పబోయినచో పెరుగు ఎదురు తిరుగును. ఎంత వడి పెట్టిన నంత యెదురు. ఫ్లూయిడ్ హెడ్డు మర్మ మంతయు నిదియే. దానిలోపల పలుచని బిళ్లల నడుమ చిక్కని జిడ్డుపదార్థ ముండును. మన చేతి వణుకు వడిగల చిన్న కుదుపు గనుక జిడ్డు దానిని మ్రింగివేయును. మనము కోరిన నెమ్మది కదలికను మాత్రము పోనిచ్చును. ఆ యెదురును ఎక్కువ తక్కువ చేయు మర మేలైన తలలకుండును. దానిని డ్రాగనుచున్నారు.

మూకచిత్రముల కాలమున కెమెరామాను ఒక చేత కెమెరా పిడిని ఫిల్ము తిరుగుటకు త్రిప్పుచు, రెండవ చేత తలయొక్క పండ్లచక్రపు పిడిని త్రిప్పుచు నుండెడివాడు. రెండు చేతులును రెండు వేగములతో నడువవలెను! ఒక చేత పిండి కలుపుచు మఱియొక చేత పూరీ వేపువారికి గాని ఆ కష్టము తెలియదు. జిడ్డుతో నడచు తల 1940ల దశకమున ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమున మిల్లరను నాతని చేతిమీదుగా వచ్చినది. ఆ పేరి సంస్థ నేటికిని తలలు చేయుచునే యున్నది.

అయితే డబ్బాపై "ఫ్లూయిడ్" అని వ్రాసియున్నంత మాత్రమున లోపల పైని చెప్పిన యేర్పాటున్నదని నమ్మరాదు. తక్కువ వెల తలలలో బిళ్లల నడుమ కొంచెము గ్రీజు పూసి, మర బిగించినకొలది రాపిడి పెరుగునట్లు చేసి, ఆ పేరే పెట్టుదురు. అవి యన్నియు పనికిమాలినవని నే ననను. చిన్న కెమెరాకు గ్రీజు తల కొంతవఱకు చాలును. కాని పేరు చూచి గాక, చేతితో త్రిప్పి చూచి కొనవలెను.

పెద్ద ఫ్లూయిడ్ తలలలో మఱియొక యేర్పాటు కలదు. కెమెరా ముందుకు వంగినకొలది దాని బరువు దానిని క్రిందికి లాగును. ఆ లాగుటకు సరిపడ లోపలి స్ప్రింగు వెనుకకు లాగుచుండును. సరిగా తూగినచో, పిడిని వదలివేసినను కెమెరా వంచినచోటనే నిలుచును. మన తాతలు నీరు తోడిన ఏతమును చూచినవారికి ఇది విప్పి చెప్పనక్కఱలేదు. బాన నిండుగా నున్నపుడు వెనుకటి బరువు దానికి సరిపోవును. బాన వట్టిదైనచో తటాలున పైకి లేచును. ఇక్కడనే చాలమంది మోసపోవుదురు. "ఎనిమిది కిలోలు మోయును" అని వ్రాసియున్నది గదా, నా కిలో కెమెరాకు మఱింత భద్రమని తలతురు. స్ప్రింగు సవరించు వీలులేని పెద్ద తలపై చిన్న కెమెరాను పెట్టినచో వంచిన తోడనే యది వట్టి బానవలె వెనుకకు తన్నుకొని వచ్చును. బాల్‌హెడ్డు విషయమున బరువు సంఖ్య యెక్కువైనకొలది మేలే. మన సామగ్రికి రెండుమూడింతలు మోయునది కొనుట మంచిది. ఏలయన ఆ సంఖ్యలు ఒక్కొక తయారీదారు ఒక్కొక తీరున కట్టునవి. స్ప్రింగుగల ఫ్లూయిడ్ తల విషయమున మాత్రము ఎంత ఎక్కువ యనుట కాదు, ఎంత సరిపడు ననుట ప్రధానము.

కావున కొత్తగూడెము పోయినను, ఖమ్మము పోయినను, కెమెరాను, వాడుకలో నున్న లెన్సును వెంటబెట్టుకొని పొండు. కెమెరా లేక తలను కొనుట, కాలు లేక చెప్పులు కొనుటవంటిది. దుకాణములో కాళ్లను పఱచి, తలపై కెమెరా బిగించి, మొదట కెమెరాను పలకపై ముందుకు వెనుకకు జరిపి నడిమి బరువు సరిగా తలమీద పడునట్లు చూడుడు. అది కుదిరిన పిమ్మట ముందుకు కొంచెము వంచి పిడిని వదలుడు. నిలిచినదా? పడినదా? తన్నుకొని లేచినదా? తరువాత లెన్సును దగ్గఱగా చూపునట్లు సవరించి, ఎదుటి వీథిలోని యేదైన పేరుపలకను చూచుచు నెమ్మదిగా ప్రక్కకు త్రిప్పుడు. బయలుదేఱునపుడు కుదుపున్నదా యని చూడుడు. మఱి ముఖ్యముగా, ఆపి పిడిని వదలినపుడు బొమ్మ వెనుకకు ఒకింత జరిగినదా యని చూడుడు. తక్కువ రకపు తలల గుట్టు ఇక్కడ బయటపడును. మనము ఆపినచోట అవి యాగవు. స్ప్రింగువలె ఒక గింజంత వెనుకకు వచ్చును. పెండ్లికూతురి ముఖమున నాపవలెనని యాపినచో బొమ్మ ఆమె చెవి కమ్మపై నిలుచును. ఎన్ని వందలు తగ్గించినను అట్టి తలను కొనకుడు. పిడికి రబ్బరుబ్యాండు తగిలించి దానిని పట్టి లాగినచో చేతి తడబాటు తగ్గి తల సాఫీగా నడచును. ఇది పనివారు వాడు చిట్కా. దుకాణములో గూడ దీనితో పరీక్షించిన, దోషము చేతిదా తలదా తేలిపోవును. ఇన్ని పరీక్షలు చేయనీయని దుకాణదారు వద్ద కొననక్కఱలేదు. ఆడువారు మరలు త్రిప్పిచూచుట కొందఱికి వింతగా నుండవచ్చును గాక! వంకాయలు పుచ్చులు చూచి యేరుకొనువారికి తలలు చూచి యేరుకొను హక్కు లేదా?

గింబల్ తలయని యొకటి కలదు. ఊయలవలె పొడవైన లెన్సును దాని నడిమి బరువు దగ్గఱ పట్టి వ్రేలాడదీయును. కిన్నెరసాని జలాశయమున పక్షుల ఫోటోలు తీయువారికి, ఎగురుచున్న పాలపిట్ట వెంట లెన్సును త్రిప్పువారికి అది కావలెను గాని పెండ్లిండ్లకు కాదు. చేత బట్టుకొని నడచుచు వీడియో తీయుటకు మోటారులతో పనిచేయు గింబల్ అనునది వేఱు. పేరొక్కటే గాని వస్తువు రెండు. దుకాణములో అడుగునపుడు ఏది కావలెనో విప్పి చెప్పుడు. పండ్లచక్రములతో వెండ్రుకవాసి సవరించు తల మఱియొకటి గలదు. అది భవనముల ఫోటోలు తీయువారిది, మనకు వెలకు తగిన పని చేయదు.

చిన్న వస్తువుల గూర్చి యొక మాట. కెమెరా యడుగున నుండు మర రంధ్రము పావు అంగుళపుది. కాళ్లకును తలకును నడుమ సామాన్యముగా అంగుళమున ఎనిమిదింట మూడు వంతుల మర యుండును. రెండింటికి పొత్తు కుదుర్చు చిన్న ఇత్తడి బిళ్ల కొద్ది రూపాయలకు దొరకును. కెమెరా క్రింద బిగించి తలలో చొప్పించు పలక మాత్రము ఎవరి రకము వారిదే. ఆర్కా-స్విస్ రకపు పలకలు ముప్పదియెనిమిది మిల్లీమీటర్ల వెడల్పున నుండును. అనేక సంస్థలు వీనిని చేయుచున్నవి గనుక ఎక్కడైనను దొరకును. వీడియో తలలకు పొడవైన పలకలుండును. తల కొన్న దినముననే అదే రకపు పలక నింకొకటి కొని, దారము కట్టి సంచిలో వేయుడు. పలక పోయిన తల గొళ్లెము లేని తలుపుతో సమానము. ముహూర్తము మనకొఱకు ఆగదు.

మఱియొక విషయము మా యడవి ప్రాంతమువారికి ముఖ్యమైనది. నేల యెక్కడను సమముగా నుండదు. ఇండ్ల ముంగిళ్లు వాలు, పందిళ్లు వేసిన చోట్లు వాలు. తల క్రింద భాగము వాలుగా నున్నపుడు కెమెరాను ప్రక్కకు త్రిప్పినచో ఆరంభమున సరిగా నున్న బొమ్మ చివరకు ప్రక్కకొఱగును. పందిరి గుంజలన్నియు పడిపోవుచున్నట్లుండును. గిన్నెవంటి పీఠమున కూర్చుండు తలలు కలవు. అడుగు మరను వదలి నీటిబుడగ నడుమకు వచ్చునట్లు జరిపి బిగించినచో కాళ్లతో పెనుగులాడనక్కఱ లేదు. ఆ రకమునకు వెల చాలనిచో కాళ్లనే ఒక్కొక్కటిగా సవరించి, తల యడుగున నున్న బుడగను చూచి సమము చేయవలెను. కెమెరా మీది బుడగను చూచి కాదు. ఈ భేదము తెలిసిన పిదపనే వీడియోవారిమని చెప్పుకొనదగును.

ఇపుడు మన సోదరి ప్రశ్నకు రాదము. పెండ్లిలో ఫోటోలు ఎట్లును చేత బట్టియే తీయుదురు. జీలకఱ్ఱ బెల్లము పెట్టునపుడు ఒక మూల, మాంగల్యధారణమున కింకొక మూల, తలంబ్రాలలో జనముల నడుమ. అక్కడ మూడు కాళ్లకు తావెక్కడ? అందుచే ఆమె ట్రైపాడు ప్రధానముగా వీడియోకే యని నిశ్చయించుకొని, ఎనిమిదివేలలో హెచ్చుభాగము తలకు పెట్టి, చిన్న ఫ్లూయిడ్ హెడ్డును అల్యూమినియము కాళ్లతో కొనుట మేలని నా యభిప్రాయము. కార్బన్ కాళ్లు తేలిక గాని ఈ సొమ్మునకు వానితో కూడ మంచి తల రాదు. దుకాణదారు చూపిన లావుకాళ్ల దానిలో తల యేదియో నేను చూడలేదు గాని, కాళ్లను పొగడి తలను దాచువాని మాట నమ్మదగినది కాదు. కిలో, కిలోంబావు తూగు కెమెరాకు సినిమావారి పెద్ద తల యక్కఱలేదు. దాని స్ప్రింగు మనకు చేటు కూడ.

తల బాగుగా తిరుగుచున్నదని ఊరక త్రిప్పకుమని కూడ ఆ సోదరికి చెప్పుచున్నాను. ఇప్పటి పెండ్లి వీడియోలు కొన్ని చూచినచో నాకు తల తిరుగును. పురోహితునినుండి మామగారికి, మామగారినుండి దీపములకు, దీపములనుండి పైకప్పునకు కెమెరా నిలుకడ లేక తిరుగుచుండును. తల్లి కూతురి నప్పగించు ఘడియలో బిగించిన కెమెరా కదలక చూచుటకంటె గొప్ప కళ లేదు. త్రిప్పుట కొక కారణముండవలెను. వరుడు వచ్చుచున్నాడు, అతని వెంట త్రిప్పుము. తలంబ్రాలు పైకెగసినవి, వాని వెంట వంపుము. లేనిచో బిగించి యుంచుము.

అమ్మమ్మగారి పాటల సంగతి వేఱు. ఇక్కడ త్రిప్పుటయే లేదు. మన యీ ప్రాంతపు గోదావరి కొండలలో 1941లో ఆస్ట్రియా దేశీయుడు హైమెండార్ఫ్ అను పండితుడు కొండరెడ్ల నడుమ నుండి వారి జీవితమును పరిశీలించి, 1945లో గ్రంథము ప్రకటించెను. ఆయన తీసిన ఫోటోలు లండనులోని సోయాస్ విద్యాలయమున నేటికిని భద్రముగా నున్నవి. పరదేశి వచ్చి తీసినవి ఎనుబదియేండ్లకు పైగా నిలిచినవి. ఇంటి మనుమరాలు తన యమ్మమ్మ పాటను ఆమె యరుగుమీదనే తీసినచో దాని విలువ యింతని యెవరు చెప్పగలరు? పెండ్లి వీడియో చెడినచో సొమ్ము తిరిగియిచ్చి మాట పడవచ్చును. ఈ పాట చెడినచో తిరిగి యిచ్చుట కేమియు లేదు.

అందుచే ఇక్కడ నిలుకడయే గుణము. పెద్దవారు నేలపై చాపమీదనో నులకమంచముమీదనో కూర్చుందురు. ట్రైపాడును నిలువెత్తున నిలిపి క్రిందికి వంచి తీసినచో నెత్తియే కనబడును, ముఖము కనబడదు. కాళ్లను వెడల్పుగా పఱచి, నడిమి గొట్టమును పైకి లాగక, కెమెరాను ఆమె కన్నుల యెత్తునకు దింపుడు. నడిమి గొట్టము నిలువుననే పొడుచుకొని యుండి కాళ్లను నేలకు దింపనీయనిచో అట్టి కాళ్లు ఈ పనికి చాలవు. కొనునాడే కూర్చుండి చూచుకొనుడు. అన్ని మరలను బిగించి, పిడినుండి చేయి తీసివేసి, కెమెరాను మఱచిపోయి ఆమె ముఖము చూచుచు వినుడు. చూచువారుండినపుడే పాట వచ్చును. కెమెరా వెనుక దాగినవారికి పాట రాదు. ధ్వని కొఱకు చిన్న మైకును కొంగునకు తగిలించుట మఱువకుడు. ముందుగా ఆమె సమ్మతి నడుగుడు. కొన్ని పాటలు ఇంటివారికే గాని ఊరివారికి కాదని ఆమె యనినచో ఆ మాట శిరసావహింపవలెను.

ఈ జాబు చదువు మిగిలిన సోదరీమణులలో వంటల వీడియోలు తీయువారు చాలమంది యుందురు. నూఱేండ్లు దాటిన మస్తానమ్మగారు ఆరుబయట కట్టెలపొయ్యిపై వండి లోకమున పేరు తెచ్చుకొని 2018లో స్వర్గస్థులైరి. జగిత్యాల జిల్లా లంబాడిపల్లెలో గంగవ్వగారు వీడియోలలో తెలుగువారందఱికి పరిచితులైరి. వారిని చూచి ధైర్యము తెచ్చుకొన్నవారు ఇండ్లలోనే ఫోను పెట్టి తీయుచున్నారు. వీరికి కావలసినది వేఱు. బాణలిపై నిలువుగా చూచుటకు తల సరిగా క్రిందికి వంగవలెను. చాల ఫ్లూయిడ్ తలలు అంతవఱకు వంగవు. బాల్‌హెడ్డు గుండునకు ప్రక్క గంటుండును; ఆ గంటులో దించినచో ఫోను నేరుగా క్రిందికి చూచును. లేదా నడిమి గొట్టము అడ్డముగా వంగు కాళ్లను కొనుడు. ఏది కొన్నను, ముందుకు వంగిన బరువునకు ఎదురుగా వెనుక కాలికి ఇసుక సంచి తగిలింపక స్టవ్వు వెలిగింపరాదు. మరుగుచున్న నూనెపై ఫోను వ్రేలాడుచున్నదను మాట పాత్రలో చేయిపెట్టునంత జాగ్రత్తతో తలపవలెను.

పాత తలను కొనవచ్చునా యని కొందఱడుగుదురు. కొనవచ్చును. చేతితో కదిపి చూచినపుడు లోపల సందు తగిలి టకటకమనిననో, కీలుల దగ్గఱ జిడ్డు చెమ్మ కనబడినను విడిచిపెట్టుడు. మా కొత్తగూడెము ప్రాంతపు వేసవి నలుబదియైదు డిగ్రీలు దాటును. ఎండలో కారులో నుంచిన తలలో గ్రీజు పలుచనై ఎదురు తగ్గును. పెండ్లిపందిరికి చేరిన వెంటనే మరను తిరిగి సవరించుకొనుడు. పని లేనపుడు మరలన్నిటిని వదులు చేసి యుంచుడు. వానకాలమున తడిసినచో పొడిబట్టతో తుడిచి గాలికి ఆరబెట్టుడు. బాల్‌హెడ్డు గుండునకు కొబ్బరినూనె గాని కుట్టుమిషను నూనె గాని పూయకుడు. నూనె పూసిన గుండు ఎంత బిగించినను జాఱును. ఇసుక పడినచో మెత్తని కుంచెతో దులుపుడు, మిగిలినది పొడిబట్ట చూచుకొనును.